ఇడుపు కాగితము

విడాకులను మాట కంటబడగనే పుట త్రిప్పివేయు గృహిణులు కొందఱు కలరని యెఱుగుదుము. భద్రాద్రి రాముని కల్యాణపు తలంబ్రాలు తెచ్చి పూజాపీఠమున నుంచుకొను మా ఖమ్మము సీమలో ఆ మాట నోట బలుకుటకే జంకుదురు. అయినను నోట బలుకుటకు జంకెడి మాటను కాగితముపై వ్రాయించుకొనుట మాత్రము మాలో చిరకాలమునుండి జరుగుచున్నది. ఆ కాగితమును గూర్చియే మేము నేడు వ్రాయబూనితిమి.

మా ముదిగొండ ఖమ్మమునకు చేరువనున్న యూరు. చుట్టునున్నవి వరి, పత్తి, మిరప పండించు పల్లెలు. మిరపకాయలేఱు దినములలో నాడువారు పదుగురొకచోట చేరుదురు. ఇండ్ల గుట్టులన్నియు నా తోటలలోనే బయటపడును. ముదిగొండలో గాని, బాణాపురములో గాని, వల్లభిలో గాని, యే తోటలో కూర్చున్నను ఒక మాట యెప్పుడో యొకప్పుడు వినవచ్చును: “దానికి ఇడుపు కాయితం అయిపోయింది.” వినినవారు తలయూపి యూరకుందురు. వ్యవహారము ముగిసినదని యందఱి తలంపు.

ఆ కాగితము పుట్టు విధమిది. ఆలుమగలకు పొసగదు. పిల్ల పుట్టింటికి వచ్చి కూర్చుండును. ఏడాది రెండేండ్లు రాయబారములు నడుచును. తుదకు రెండు వైపుల పెద్దమనుష్యులును కూడి పంచాయతి చేయుదురు. కట్నమెంత, లాంఛనములెంత, పెట్టిన బంగారమెంత, పెండ్లి ఖర్చెంత యని లెక్కలు తీయుదురు. కొంత తగ్గింతురు, కొంత పెంచుదురు. డబ్బు చేతులు మాఱును. నూఱు రూపాయల స్టాంపు కాగితముమీద “నేటినుండి మాలో నొకరికొకరికి సంబంధము లేదు, ఎవరికిష్టమైనవారిని వారు పెండ్లాడవచ్చును” అని వ్రాయించి యిద్దఱి సంతకములును తీసికొందురు. సంతకము రానిచో వ్రేలిముద్ర. నలుగురు సాక్షులు. కొందఱు పట్టణమునకుబోయి నోటరీచేత ముద్ర కూడ వేయించుకొందురు. పిల్లతల్లి యా కాగితమును ప్లాస్టికు సంచిలో చుట్టి ట్రంకుపెట్టె యడుగున దాచును.

అట్టి కాగితములు మా యింటికిని అప్పుడప్పుడు వచ్చుచుండును. “వదినా, ఇందులో ఏమున్నదో ఒక్కసారి చదివి చెప్పు” అని యడుగుదురు. చదివి చెప్పుట కష్టము కాదు. చదివిన వెనుక వారడుగు ప్రశ్నకు బదులు చెప్పుటయే కష్టము: “అయితే పిల్లకు మళ్లీ సంబంధము చూడవచ్చునా?”

చూడరాదు. ఆ కాగితముతో వివాహము తెగలేదు. ఇది మేము కల్పించిన మాట కాదు, చట్టము మాట. హిందూ వివాహమును రద్దుపఱచుటకు అధికారము న్యాయస్థానమునకే కలదు. నోటరీ ముద్రను చూచి పెక్కురు భ్రమపడుచున్నారు. ఆ ముద్ర ‘ఈ సంతకము చేసినవారు వీరే’ యని తెలుపునంతే. కాగితములోని సంగతికి ప్రాణము పోయుట దాని తరము కాదు. వివాహ పత్రములను గాని, విడాకుల పత్రములను గాని సిద్ధముచేయుటకు నోటరీలకు అధికారము లేదని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో స్పష్టముగ తెలిపినది.

ఇచ్చట పెద్దలు ఒక యాక్షేపణ చేయుదురు. “మా తాతలనాటినుండి ఇట్లే జరుగుచున్నది. అప్పుడు లేని కోర్టు ఇప్పుడెందులకు?” అని. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. మన పూర్వులకు విడాకులే తెలియవనుట పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రము ఆలుమగలలో నొకరిపై నొకరికి ద్వేషము కలిగినప్పుడు విడిపోవుటను ‘మోక్షము’ అను పేరుతోనే చెప్పినది; బ్రాహ్మాది ధర్మ్య వివాహములకు మాత్రము అది లేదన్నది. పరాశర స్మృతి భర్త కానరాకపోవుట, సన్యసించుట మొదలగు నైదు ఆపదలలో స్త్రీకి వేఱు పతిని చెప్పినది. శాస్త్రములటుండనిండు, మన పల్లెలలోని పెక్కు కులములలో కులపెద్దలయెదుట విడిపోవుటయు, మారుమనువు పోవుటయు వాడుకలోనే యుండెను. విడాకు అను మాటలోనే ఆకు ఉన్నది. నలుగురిలో ఆకు చించుటతో బంధము తెగినట్లెంచిన వాడుకనుండి యా మాట వచ్చినదని పెద్దలు చెప్పుదురు. నాటి యాకు నేటి స్టాంపు కాగితమైనదన్నమాట.

ఆ రోజులలో ఏటి కిరువైపుల చట్టమును వేఱువేఱుగ నుండెడిది. గోదావరి కావలనున్న భద్రాచలము మద్రాసు రాష్ట్రములోనిది. మా ముదిగొండ హైదరాబాదు రాజ్యములోనిది. మద్రాసు రాష్ట్రము 1949లో బహుభార్యాత్వమును నిషేధించి, హిందువులకు విడాకుల నిచ్చుచు చట్టము చేసినది. అంతకు మునుపే 1931లో బరోడా సంస్థానమును, 1947లో బొంబాయి రాష్ట్రమును అట్టి చట్టములు చేసియుండెను. ఈ భేదములన్నియు 1955 మే 18వ తేదీతో ముగిసినవి. ఆనాటినుండి హిందూ వివాహ చట్టము దేశములోని హిందువులకెల్ల నొక్కటే యయినది. భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో కలియుటకు ముందే చట్టము రెండు గట్లను కలిపివేసినది.

ఆ చట్టములోనే 29వ సెక్షనున పెద్దలు చెప్పు మాటకు చోటున్నది. ఆచారమువలన విడాకుల హక్కు ముందునుండియే యున్నచో, ఆ హక్కును ఈ చట్టము తీసివేయదని యందు కలదు. మన పెద్దమనుష్యులు పట్టుకొని వ్రేలాడునది యీ మాటనే. కాని ఆచారమనగా నేమి? నలుగురు కూడి నిన్న చేసినది ఆచారము కాదు. ఆ కులములో చిరకాలమునుండి, ఎడతెగక, ఒకే తీరున నడచుచు, న్యాయమునకును లోకనీతికిని విరుద్ధము కానిది కావలెను. అట్టి ఆచారము కలదని చెప్పువారే సాక్ష్యముతో దానిని రుజువు చేయవలెను. 2002లో సుప్రీముకోర్టు ఒక విడాకుల పత్రపు వ్యాజ్యమున ఈ సంగతినే తేల్చి చెప్పినది. తరువాత మఱియొక వ్యాజ్యమున మరల చెప్పినది. రెండు వ్యాజ్యములలోను విడాకుల పత్రమున్నది. ఆచారమునకు రుజువు లేని కాగితము కాగితమే యని తీర్పు.

ఇంకను దగ్గఱి యుదాహరణము హైదరాబాదున జరిగినది. అందలి వారి పేర్లతో మనకు పనిలేదు. ఒక స్త్రీ 1999లో పెండ్లాడినది, కుమారుడు కలిగెను. 2005లో ఆలుమగలు ఒప్పందపు కాగితము వ్రాసికొని విడిపోయిరి. కోర్టునకు పోలేదు. వెంటనే పొరుగింటి వానిని పెండ్లాడినది. కొలది నెలలలోనే రెండవ భర్త కోర్టుకెక్కి, మొదటి వివాహము తెగలేదు గనుక తన వివాహము చెల్లదని తీర్పు పొందెను. మరల అతడే 2006లో ఆమెను పెండ్లాడి, రిజిస్టరు కూడ చేయించెను. కుమార్తె కలిగెను. తరువాత మనస్పర్ధలు వచ్చినవి. ఆమె తనకును కుమార్తెకును మనోవర్తి కోరగా కుటుంబ న్యాయస్థానము ఆమెకు నెలకు 3,500 రూపాయలు ఇమ్మన్నది. ఆమె మొదటి భర్తనుండి చట్టప్రకారము విడాకులు పొందలేదు గనుక రెండవవాడు ఆమెకు భర్తయే కాడని వాదము. 2017లో హైకోర్టు ఆ వాదమునంగీకరించి ఆమె మనోవర్తిని కొట్టివేసినది. తుదకు 2025 జనవరి 30వ తేదీన సుప్రీముకోర్టు ఆమెకు మనోవర్తిని మరల నిలిపినది. మొదటి పెండ్లి సంగతి తెలిసియే రెండుమాఱులు పెండ్లాడినవాడు, ఇప్పుడా సంగతినే సాకుగా చూపి తప్పించుకొనరాదని న్యాయమూర్తుల యభిప్రాయము.

ఈ తీర్పు విని మా యూర కొందఱు సంతోషించిరి. “చూచితిరా, కాగితమున్నను మనోవర్తి వచ్చినది” అనిరి. మేమట్లు తలపము. ఒక్క డిక్రీ లేనందువలన ఆమె ఎన్నియేండ్లు మెట్లెక్కి దిగవలసి వచ్చినదో లెక్కించుడు. నెలకు 3,500 రూపాయలకొఱకు దేశములోని పెద్ద న్యాయస్థానము దాక పోవుట పేదరాలికి సాధ్యమా? పైగా ఆ తీర్పు మనోవర్తి మట్టునకే. కాగితముతో వివాహము తెగునని అది చెప్పలేదు.

మనోవర్తికన్న పెద్ద యాపద యింకొకటి కలదు. వివాహము తెగక మఱియొకరిని పెండ్లాడుట నేరము. మునుపు శిక్షాస్మృతి 494వ సెక్షనుగా నుండినది, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షను అయినది. శిక్ష ఏడేండ్లవఱకు. కాగితము వ్రాసినప్పుడు నవ్వుచు సంతకము పెట్టినవాడే, పిల్ల వేఱొక యింట సుఖముగ నున్నదని వినగనే కేసు పెట్టుదునని బెదరించి డబ్బు గుంజిన సంగతులు కలవు. ఇది మగవానికిని వర్తించును. కాగితమును నమ్మి అతడు మఱియొకతెను తెచ్చుకొన్నచో, చట్టము దృష్టిలో మొదటి యామెయే భార్య. అతడు పోయినచో పింఛనుకును పొలమునకును భార్యగా హక్కుదారు ఆమెయే. రెండవ యామె చేతిలో నేమియు నుండదు. ఆమె కన్న పిల్లలను మాత్రము చట్టము న్యాయమైన సంతానముగానే యెంచును. పిల్లనిచ్చు తల్లులారా, “వానికి మొదటి దానితో ఇడుపయినది” అని యెవరైన చెప్పినచో, డిక్రీ నకలు చూపుడని యడుగుటకు సిగ్గుపడకుడు.

ఇంక నా కాగితములోని వాక్యములను గూర్చి. మేము చదివినవానిలో తఱచుగా కనబడినవి రెండు. “ఇద్దఱమును పరస్పర సమ్మతితో వేఱుగ నుండుచున్నాము” అనునది యొకటి. వినుటకెంత మర్యాదగా నున్నదో! కాని పరస్పర సమ్మతితో వేఱుగ నున్న భార్యకు మనోవర్తి లేదని చట్టములోనే యున్నది. మునుపు 125వ సెక్షను, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను. కొట్టి తఱిమిన యింటినుండి వచ్చిన పిల్లచేత సమ్మతితో వచ్చితినని వ్రాయించుట యెదుటి వకీలు చేతికి కత్తినిచ్చుటయే. “నాకు ముట్టవలసినదంతయు ముట్టినది, ఇక మనోవర్తి కోరను” అనునది రెండవది. ముట్టినదేమని చూతుము గదా, ఆమె తండ్రి యిచ్చిన కట్నమే, ఆమె మెడలోని బంగారమే! అవి యామె సొత్తు. స్త్రీధనము భార్యకే చెందునని, దానిని భర్తయు నత్తమామలును దాచియుంచినవారు మాత్రమేయని సుప్రీముకోర్టు 1985లోనే చెప్పినది. వరకట్నము పుచ్చుకొన్నవారు దానిని ఆ స్త్రీకే యప్పగింపవలెనని 1961 నాటి చట్టము చెప్పుచున్నది. ఆమె సొమ్మునామెకిచ్చి, అదియే భరణమని పద్దు వ్రాయు లెక్క యే బడిలో నేర్పుదురో మాకు తెలియదు. హక్కు వదలుకొంటినని వ్రాసినంతమాత్రమున హక్కు పోదు. 2013లో సుప్రీముకోర్టు, అంతకుమునుపు రాజీపడి కొంత మొత్తము పుచ్చుకొన్న భార్య సైతము 1956 నాటి చట్టముక్రింద మరల మనోవర్తి కోరవచ్చునని చెప్పినది. కావున అట్టి సంతకము పెట్టినవారు ఆశ వదలనక్కఱలేదు.

ఖమ్మము దాటి తూర్పుగా పోయినకొలది అడవి చిక్కనగును. కొత్తగూడెము మీదుగా భద్రాచలము చేరునప్పటికి కోయ గూడెములు, కొండరెడ్ల పల్లెలు వచ్చును. అచ్చటివారికి మాట వేఱు. షెడ్యూల్డు తెగలకు హిందూ వివాహ చట్టము తనంతట వర్తింపదని 2వ సెక్షనులోనే యున్నది. కేంద్ర ప్రభుత్వము గెజెటులో ప్రత్యేకముగ ప్రకటించిననే వర్తించును. కావున కోయ పిల్ల తన కులపెద్దలయెదుట, తన తెగ ఆచారము చొప్పున విడిపోయినచో, ఆ తీర్పే విడాకులు కావచ్చును. మా పల్లెలవారికి లేని సౌలభ్యము వారికున్నది. అయినను వివాదము కోర్టుకెక్కిననాడు ఆచారమును రుజువు చేయవలసిన భారము వారిమీదను పడును. 2001లో ఒక గిరిజన స్త్రీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఆచారమును స్పష్టముగ చెప్పి రుజువు చేయనందున ఆమె వాదమును త్రోసివేసినది. కావున పంచాయతి జరిగిన దినము, కూర్చున్న పెద్దల పేర్లు, ఏ ఆచారము ననుసరించిరి, ఎవరెవరికేమి యిచ్చిరి అనునవి వ్రాసి యుంచుకొనుట మేలు. హిందూ పద్ధతిని పెండ్లాడిన తెగలవారు హిందూ చట్టముక్రిందనే కోర్టుకు రావచ్చునని ఢిల్లీ హైకోర్టు 2021లో చెప్పినది. ఆలుమగలలో నొకరు తెగవారు, ఒకరు కానివారు అయినచో చిక్కు మఱియెక్కువ. వకీలునడుగక యడుగు వేయరాదు. మనోవర్తికి మాత్రము తెగభేదమును మతభేదమును లేదు. 144వ సెక్షను అందఱి స్త్రీలకును చెందినది. 2005 నాటి గృహహింస చట్టమును అంతే.

మా వాడలోనే క్రైస్తవ సోదరీమణులును, ముస్లిము సోదరీమణులును కలరు. క్రైస్తవులకు 1869 నాటి చట్టము. 2001లో దానిని సవరించి ఆలుమగలకు సమాన కారణములను, పరస్పర సమ్మతితో విడిపోవు వీలును కల్పించిరి. వారికిని పాస్టరుగారి యెదుట వ్రాసిన కాగితము చాలదు. ముస్లిము స్త్రీ కోర్టును విడాకులడుగుటకు 1939నుండియే చట్టమున్నది. ఒక్క బిగిని ముమ్మాఱు తలాకు చెప్పుట చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీముకోర్టు తీర్పుచెప్పగా, 2019లో అది నేరముగ కూడ చేయబడినది.

మఱి డిక్రీ పొందుటెట్లు? ఇద్దఱును ఇష్టపడినచో మార్గము సుగమము. 1976లో చేర్చిన 13బి సెక్షను ప్రకారము, ఏడాది వేఱుగనున్న వెనుక యిద్దఱును కలిసి యొకే యర్జీ పెట్టవచ్చును. ఆఱు నెలల గడువు తరువాత, పదునెనిమిది నెలలలోపల, మరల వచ్చి మా మనసు మాఱలేదని చెప్పవలెను. చాలకాలముగ వేఱుగ నుండి, పిల్లలు మనోవర్తి మొదలగునవన్నియు తేల్చుకొన్నవారికి ఆ యాఱు నెలల గడువును కోర్టు మన్నింపవచ్చునని 2017లో సుప్రీముకోర్టు చెప్పినది. డిక్రీ కాకమునుపు ఎవరైనను తమ సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చును. బలవంతమున సంతకము పెట్టిన పిల్లకిది రక్షణ.

మా పెద్దమనుష్యులకు మేము చేయు విన్నపమొక్కటి యిచ్చట కలదు. మీ పంచాయతి వలదని మేమనము. కోర్టులో రెండేండ్లు పట్టు బేరము మీ చెట్టుక్రింద రెండు పూటలలో తెగును. ఆ తెగిన బేరమును స్టాంపు కాగితముతో ఆపక, ఖమ్మములో వకీలుచేత 13బి అర్జీగా వ్రాయించుడు. అప్పుడు మీ మాటయే డిక్రీ యగును. ఇంకొకటి, ఆ చెట్టుక్రింద కూర్చున్న పదిమందిలో ఒక్క యాడుది యుండునట్లు చూడుడు; ఆడపిల్ల బ్రదుకును గూర్చి మాటలాడునప్పుడు ఆమె తల్లి ఇంటి వెనుక నిలువబడి చెవియొగ్గి వినుట చూడలేకున్నాము.

భర్త యొప్పుకొననిచో కారణము చూపవలెను. క్రూరత్వము, వ్యభిచారము, రెండేండ్లు విడిచిపెట్టుట, ఏడేండ్లు జాడ తెలియకపోవుట, మతము మాఱుట, నయముగాని మతిభ్రమ మొదలగునవి 13వ సెక్షనున నున్నవి. భార్యకు మాత్రమే ప్రత్యేకించిన కారణములును కొన్ని కలవు: పదునైదేండ్లు నిండకమునుపు పెండ్లి చేయబడిన బాలిక పదునెనిమిది నిండులోపల ఆ పెండ్లిని కాదనవచ్చును, మనోవర్తి తీర్పు వచ్చిన వెనుక ఏడాదిపాటు కాపురము సాగకున్నచో ఆమె విడాకులు కోరవచ్చును. పెండ్లియైన యేడాదిలోపల, దుర్భరమైన కష్టమున్ననే గాని, అర్జీ తీసికొనరు. ఇట్లు పోరాడి పొందు విడాకులకు కాలము పట్టును. ఇంత పట్టునని మేము చెప్పి యాశపెట్టము.

ఎచ్చట వేయవలెనని చాలమంది యడుగుదురు. అత్తవారి యూరికే పోవలెననుకొని భయపడుదురు. 2003లో వచ్చిన సవరణవలన భార్య తానున్నచోటనే యర్జీ వేయవచ్చును. 2014లో భద్రాచలము చుట్టునున్న కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాచలమునకు చేరువనున్న ఏటపాక యిప్పుడు పరరాష్ట్రము. ఏటపాక యింటికి కాపురమునకు పోయి పుట్టింటికి తిరిగివచ్చిన మా పిల్ల రాష్ట్రము దాటి పోనక్కఱలేదు. వకీలు ఫీజు మాటయా? ఆడుదానికి ఆస్తి యెంతయున్నను లేకున్నను ఉచితముగ వకీలును పొందు హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టమునందే కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్ల కాగితముపై నర్జీ వ్రాసి యిచ్చిన చాలును. 15100 అను నంబరునకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు.

కోర్టునుండి సమను వచ్చినప్పుడు దానిని తీసికొననని తిప్పిపంపువారు కలరు. “పుచ్చుకొననిచో కేసు నడువదు” అని యెవరో చెప్పియుందురు. నడుచును. ఆమె లేకుండగనే నడచి, ఏకపక్షముగ డిక్రీ యగును. అట్లు జరిగినచో, డిక్రీనాటినుండి ముప్పది దినములలో దానిని కొట్టివేయుడని యర్జీ పెట్టవలెను.

కాపురమునకు రమ్మని వకీలు నోటీసు వచ్చినప్పుడు భయమింకను ఎక్కువ. పోలీసులు వచ్చి యీడ్చుకొనిపోవుదురేమో యని తల్లులు నిద్రమానుదురు. ఎవరును ఈడ్చుకొనిపోరు. ఇట్టి డిక్రీని గూర్చి మన తెలుగునాట గొప్ప వ్యాజ్యమే జరిగినది. సినిమా నటి సరితగారికి పదునాఱేండ్ల ప్రాయమున పెండ్లియై, కొలదికాలమునకే యెడబాటు కలుగగా, భర్త కడపలో కాపురపు దావా వేసెను. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఎ. చౌదరిగారు, ఆడుదాని దేహముపై రాజ్యమున కధికారము లేదను భావముతో ఆ సెక్షనునే రద్దుచేసిరి. మఱుసటి యేడే సుప్రీముకోర్టు మఱియొక వ్యాజ్యమున ఆ సెక్షనును మరల నిలబెట్టినది. మాకు చౌదరిగారి తీర్పే సరియని తోచును. అయినను సెక్షను నేటికి నున్నది. డిక్రీ వచ్చి యేడాది గడచినను కాపురము కలియనిచో అదియే విడాకులకు కారణమగును. పోకుండుటకు తగిన హేతువున్నచో అట్టి డిక్రీయున్నను మనోవర్తి పోదని 2025 జనవరిలో సుప్రీముకోర్టు చెప్పినది. కావున నోటీసునకు బదులు వ్రాయింపవలెను. ఎందుకు పోజాలదో యందు తెలుపవలెను.

దావా నడుచుచుండగనే తిండికిని కోర్టు ఖర్చులకును అడుగవచ్చును. అట్టి యర్జీని వీలైనంతవఱకు 60 దినములలో తేల్చవలెనని చట్టము. మనోవర్తి తీర్పునాటినుండి గాక అర్జీ పెట్టిననాటినుండి యిమ్మని 2020లో సుప్రీముకోర్టు నిర్ణయించినది. ఆలుమగలిద్దఱును తమ యాస్తి, రాబడి ప్రమాణపూర్వకముగ చెప్పవలెననియు నందే యున్నది. “నేను కూలివాడను” అని చెప్పి దుకాణము దాచువానికి ఇది కొంత యడ్డు. విడాకులైన వెనుక కూడ, మరల పెండ్లాడనంతవఱకు, తన్ను తాను పోషించుకొనజాలని స్త్రీకి మనోవర్తి కలదు. అయిదేండ్లలోపు బిడ్డ సాధారణముగ తల్లివద్దనే యుండవలెను. ఆ పైబడిన బిడ్డల విషయమున బిడ్డ మేలే ముఖ్యము. పిల్లలను వదలుకొంటినని కాగితములో వ్రాసినను, కోర్టు ఆ వ్రాతకు గాక బిడ్డ మేలునకు కట్టుబడును.

డిక్రీ వచ్చిననాడే ముహూర్తము పెట్టుకొనరాదు. పోరాడి పొందిన డిక్రీపై నప్పీలునకు గడువుండును. 90 దినములు గడచి, ఎవరును అప్పీలు చేయలేదని తెలిసికొన్న వెనుకనే మారుమనువు. సర్టిఫైడు నకళ్లు రెండు మూడు తీసికొనుడు. ట్రంకుపెట్టెలో దాచవలసినవి అవి.

ఇదివఱకే ఇడుపు కాగితముపై సంతకము పెట్టినవారు దానిని చించివేయకుడు. అది విడాకులు కాకున్నను, ఆ తేదీనుండి వేఱుగ నున్నారనుటకు సాక్ష్యమగును. అందు బలవంతమున వ్రాయించిన మాటలున్నచో ఏవి బలవంతమో, అప్పుడెవరెవరుండిరో విడిగా వ్రాసి, ఆ కాగితముతోగూడ వకీలు చేతికిండు.